మిద్దె మీద బొబ్బర్లు, పంపు గదిలో ఉప్పు

కాశీ వెళ్లినవాళ్లు యాత్ర రాస్తారు, కేదారం వెళ్లినవాళ్లు రాస్తారు. ఎల్బీనగర్ వెళ్లొచ్చినవాళ్లు మాత్రం రాసిన పాపాన పోలేదు. మా బాపట్ల నుంచి రోజూ ఎంతమంది హైదరాబాదు బస్సెక్కుతారో! అందరూ అక్కడ దిగి, పని చూసుకుని, తిరిగొచ్చి "అబ్బ, ఏం ట్రాఫిక్కమ్మా" అని ఊరుకుంటారు. ఆ లోటు తీర్చే పుణ్యం నాకు దక్కింది.

నేను కాలేజీలో వృక్షశాస్త్రం చెబుతాను. పెసర, మినుము, బొబ్బర లాంటి పప్పుజాతి మొక్కలు నీళ్లు దొరకనప్పుడు, ఉప్పు ఎక్కువైనప్పుడు లోపల ఏం అవస్థ పడతాయన్నది నేను చాలాకాలంగా చూస్తున్న విషయం. సముద్రం పక్కన బతికేవాళ్లకు ఉప్పుతో కాపురం తప్పదు కదా. మొన్న ఏప్రిల్ చివర్లో సెలవులివ్వగానే, నాలుగు రోజులపాటు ఏ మొక్క మొహమూ చూడకూడదని ఒట్టేసుకుని, ఎల్బీనగర్‌లో ఉండే మా పిన్ని కూతురు పద్మ ఇంటికి బయలుదేరాను. తానొకటి తలిస్తే దైవమొకటి తలుస్తుందని ఊరికే అనలేదు.

దిల్‌సుఖ్‌నగర్: దాటిపోయిన స్టాపు

హయత్‌నగర్ దాకా మెలకువగానే ఉన్నాను. ఆ తర్వాత కన్ను మూతపడింది. కళ్లు తెరిచేసరికి బస్సు దిల్‌సుఖ్‌నగర్‌లో ఉంది. "ఎల్బీనగర్ ఎప్పుడో పాయెనమ్మా. మూడుసార్లు మొత్తుకున్న, నువ్వు లేస్తెనా?" అని కండక్టర్ నా సంచి తానే దింపిపెట్టాడు. తిట్టి సంచి దింపేవాళ్లంటే నాకు గౌరవం.

పొద్దున్నే ఆ రోడ్డు మీద నడిచేవాళ్లలో సగం మంది కోచింగ్‌కు వచ్చిన పిల్లలు. భుజానికి బ్యాగు, చేతిలో వాటర్ బాటిల్, మొహంలో పరీక్ష. మెట్రో స్తంభాల పక్కన ఒక టిఫిన్ బండి దగ్గర ఇడ్లీ తిన్నాను. ప్లేటు నలభై రూపాయలు, నాలుగు ఇడ్లీలు, పల్లీ చట్నీ అడిగినంత. మా వైపు అలవాటు కొద్దీ అల్లం చట్నీ లేదా అని అడిగాను. బండతను నన్ను పైనుంచి కిందికి చూసి, "ఆంధ్రా నుంచి వచ్చిండ్రా?" అన్నాడు. ఔనన్నాను. పల్లీ చట్నీలోనే ఇంకో గరిటె వేశాడు. జాలి అనుకుంటా. చట్నీ మాత్రం బాగుంది, అబద్ధమెందుకు చెప్పాలి.

వెనక్కి ఎల్బీనగర్‌కు ఆటో మాట్లాడుకున్నాను. డ్రైవరుది సరూర్‌నగర్, యాభై దాటిన మనిషి. అపార్ట్‌మెంట్ పేరు చెబితే అతనికి తెలియలేదు. ఫలానా సందు, ఫలానా స్కూలు వెనక అని పద్మ ఫోన్లో పంపిన గుర్తులన్నీ చదివాను.

"సుగుణమ్మ అపార్ట్‌మెంటా? గట్ల జెప్పాలె గద మేడం! గా నేలంత వాళ్లదే ఉండె. జొన్నల నడిమిట్ల బొబ్బెర్లు ఏస్తుండిరి. చిన్నప్పుడు మేం కాయలు దెంపుకొని ఉరికెటోళ్లం. దొరికితే గామె అత్త కొట్టేది కాదు, కూసోబెట్టి గుడాలు పెట్టేది."

గుడాలంటే మనం గుగ్గిళ్లంటామే, అవే. మనం పండగల్లో నైవేద్యానికి చేసుకుంటే వీళ్లు ఆకలేసినప్పుడల్లా చేసుకుంటారు. ఈ విషయంలో వీళ్లదే తెలివి.

ఎల్బీనగర్: వదలని సబ్బు

పద్మ నన్ను చూడగానే చిక్కిపోయావంది. ఇరవై ఏళ్లుగా అదే అంటోంది, నేను లావవుతూనే ఉన్నాను. దాని భర్త శ్రీను గుంటూరు మనిషి, బ్యాంకు ఉద్యోగం, పైగా అపార్ట్‌మెంట్ అసోసియేషన్‌కు సెక్రటరీ. అతనికి మంచినీళ్లివ్వడం కంటే స్నానానికి పంపడమే ముఖ్యమైంది.

"వదినగారూ, ముందు స్నానం చేసి రండి. మా నీళ్లెలా ఉన్నాయో తర్వాత చెబుదురుగాని."

కథ ఏమిటంటే, వీళ్ల బోరు నీళ్లు గట్టివి. కుళాయిలకు సున్నం పేరుకునేది, గీజర్లు కాలిపోయేవి, ఆడవాళ్ల జుట్టు రాలిపోయేది. రెండేళ్ల కిందట శ్రీను ఇంటింటికీ తిరిగి అందరినీ ఒప్పించి, కింద పంపు గదిలో నీళ్లను మెత్తబరిచే ప్లాంటు పెట్టించాడు. అప్పటినుంచి అతనికి ఆ భవనంలో పెళ్లికొడుకు మర్యాద.

నీళ్లు నిజంగానే మెత్తగా ఉన్నాయి. మా ఊళ్లో సబ్బు నురగ రానంటుంది, ఇక్కడ పోనంటుంది. చెంబు మీద చెంబు పోసుకున్నా చేతులు జారుతూనే ఉన్నాయి. సగం ట్యాంకు నేనే ఖాళీ చేశానేమో. బయటికొచ్చి "అద్భుతం శ్రీనూ" అన్నాను. అతని మొహం వెలిగిపోయింది. మధ్యాహ్నం మామిడికాయ పప్పు, వడియాలు, ఆపైన ఒక కునుకు. యాత్ర అంటే ఇలా ఉండాలి.

మిద్దె మీద

నాలుగున్నరకు పద్మ టీ ఇచ్చి, "అక్కా, ఒక్కసారి మిద్దె మీదికి రా. సుగుణమ్మగారు తన మొక్కలు చూపించాలని నీ కోసం పొద్దుట్నుంచి అడుగుతున్నారు" అంది. నా ఒట్టు అక్కడితో సరి.

సుగుణమ్మగారిది పై అంతస్తు. డెబ్బైకి దగ్గర్లో ఉన్నారు. మెడలో బంగారు గుండ్ల దండ, కాళ్లకు రబ్బరు చెప్పులు. ఆ భవనంలో సగం ఫ్లాట్లు ఆవిడవే అయినా ఆవిడ ఉండేది మాత్రం మిద్దె మీదే. నీలం రంగు డ్రములు అడ్డంగా కోయించి బీర, టమాట, గోంగూర వేశారు. ఒక వరసంతా బొబ్బర్లు. ఆ వరస చూడగానే నా నడక ఆగిపోయింది. రెండు డ్రముల్లో మొక్కలు అప్పటికే ఎండిపోయాయి. మిగిలిన నాలుగింటిలో ముసలి ఆకుల అంచులు మాడి ఉన్నాయి. మట్టి మీద రాలిన పూలు.

"నీళ్లు దక్కువైనయా, ఎక్కువైనయా, మందు గొట్టాల్నా, ఏంది చెల్లె గిది? నాకైతే పరేషాన్ అయితుంది," అన్నారావిడ, నమస్కారం కూడా పూర్తికాకముందే.

ఎండ ఇంకా చురచురలాడుతోంది. బొబ్బర ఆకులు పలకల్లా పరుచుకుని లేవు, అంచులు సూర్యుడి వైపు తిప్పుకుని నిలువుగా నిలబడ్డాయి. దాహం వేసినప్పుడు ఈ జాతి చేసే మొదటి పని అది. ఎండ తగిలే మేర తగ్గించుకుంటుంది. ఆ తర్వాత ఆకు అడుగున ఉండే సన్నని రంధ్రాలు మూసుకుంటుంది, నీరు ఆవిరి కాకుండా. కానీ గాలి లోపలికి వెళ్లేదీ ఆ రంధ్రాల్లోంచే కాబట్టి ఆకు తిండి వండుకోవడమూ ఆగిపోతుంది. ఇక పూలు రాల్చేస్తుంది. తాను బతకడమే కష్టమైనప్పుడు పిల్లల్నెలా కంటుంది?

ఇదంతా ఉపన్యాసంలా చెప్పి, "దాహం, సుగుణమ్మగారూ. ఏప్రిల్ ఎండకు ఒక పూట నీళ్లు చాలవు. రెండు పూటలా పోయండి" అన్నాను. ముప్పై ఏళ్ల అనుభవం మరి, తడుముకోవడమెందుకు?

ఆవిడ అప్పటికప్పుడు కుళాయి తిప్పి బకెట్ నింపారు. నీళ్లు పోస్తూ అసలు సంగతి చెప్పారు. ఇవి బజార్లో దొరికే తెల్లటి లావు బొబ్బర్లు కావు. చిన్నవి, ఎర్రవి, వాళ్ల పొలంలో తరతరాలుగా పండినవి. పొలం పోయి భవనం లేచాక ఇదిగో, ఈ డ్రముల్లో. కిందటి వానాకాలం పంట ఇలాగే మాడింది. దాచిన గింజలకు పురుగు పట్టింది. పురుగు పోగా మిగిలినవన్నీ ఈ డ్రముల్లోనే వేశారు.

"ఇంట్ల ఇంకో గింజ లేదు. ఇవి పోతే మా బొబ్బెర్లు పోయినట్టే చెల్లె."

ఆవిడ గొంతులో ఏడుపు లేదు. మిగిలిన నీళ్లు చివరి డ్రములో పోశారు. ఆ రాత్రి ఆవిడ పంపిన సర్వపిండి తిన్నాను. బియ్యప్పిండిలో నువ్వులు, పల్లీలు కలిపి గిన్నెకు అడుగున ఒత్తి కాలుస్తారు. మన తపేలా రొట్టెకు దగ్గర చుట్టం, కాకపోతే కారం బాగా తగిలిస్తారు.

మర్నాడు పొద్దున: తడిలో దాహం

కాఫీకి ముందే మిద్దె ఎక్కాను. ఎండ దెబ్బకు వాలిన మొక్క చల్లటి రాత్రి గడిచాక, పొద్దుటికి తల ఎత్తాలి. ఇవి ఎత్తలేదు. మట్టి తడిగా ఉంది. తడి కాదు, పైన నీళ్లు నిలిచే ఉన్నాయి. లోపలికి ఇంకడం లేదు. వేలితో గుచ్చితే పైపొర చెక్కలా గట్టిగా ఉంది. సుగుణమ్మగారు అప్పటికే రెండో బకెట్‌తో సిద్ధం.

"ఆగండాగండి! పోయకండి!"

"నిన్న నువ్వే గద చెల్లె పొయ్యమన్నది?"

నిజమే. నేనే చెప్పాను. మొహం చెల్లక మిద్దె మీద అటూ ఇటూ తిరిగాను. ఆ తిరుగుడులోనే గోడ మూల ఒక పగిలిన తొట్టిలో పెసర మొక్క కనిపించింది. మొలకలు కడిగిన నీళ్లతో పాటు ఎప్పుడో పడ్డ గింజ అట. మట్టి అదే, ఎండ అదే. పెసర బొబ్బర కంటే సుకుమారం. అయినా పచ్చగా నిగనిగలాడుతూ, కాయలతో ఉంది. పైకి చూస్తే ఏసీ గొట్టం, దాన్నుంచి టప్ టప్‌మని చుక్కలు. ఆ మొక్క కుళాయి నీళ్ల మొహం చూడలేదు. గాలిలోని తేమే తాగి బతికింది.

ఎండిపోయిన బొబ్బర మొక్క ఒకటి పెరికాను. పప్పుజాతి వేళ్లకు చిన్న చిన్న బుడిపెలుంటాయి. వాటిలో ఉండే సూక్ష్మజీవులు గాలిలోని నత్రజనిని మొక్కకు ఎరువుగా చేసిపెడతాయి. పని జరుగుతుంటే బుడిపె లోపల గులాబి రంగులో ఉంటుంది. గోటితో గిల్లి చూశాను. ఆకుపచ్చగా, చచ్చి ఉంది. పెసర వేరు ఒకటి మట్టి తప్పించి గిల్లాను. గులాబి!

"మొక్కకు దాహమే, కానీ నీళ్లు లేక కాదు," అన్నాను. "మాగాయ ముక్కకు ఉప్పు పట్టిస్తే ఊట ఎటొస్తుంది?"

"బయటికి."

"మట్టిలో ఉప్పెక్కువైనా అంతే. నీళ్లు పక్కనే ఉంటాయి, వేరు లాక్కోలేదు. లోపలికెళ్లిన కాస్త ఉప్పునూ మొక్క ముసలి ఆకుల్లోకి నెట్టేస్తుంది, చిగుళ్లన్నా బతకాలని. అందుకే ముందు కింది ఆకులు మాడేది."

సుగుణమ్మగారు మాడిన ఆకును వేళ్లతో నిమిరారు. "పెద్దయి మీదేసుకుంటున్నయన్నట్టు," అన్నారు.

అన్నీ బాగానే ఉన్నాయి, కానీ ఎల్బీనగర్‌లో ఉప్పెక్కడిది? సముద్రం మా ఊళ్లో వదిలేసి వచ్చాను కదా. ఆలోచిస్తూ స్నానానికి వెళ్లాను. సబ్బు మళ్లీ వదలలేదు. మూడో చెంబు పోసుకుంటూ ఉండగా నాకు తట్టింది. తడి జుట్టుతోనే బయటికొచ్చి శ్రీనును పంపు గదికి లాక్కెళ్లాను. అక్కడ మెరిసిపోతున్న ప్లాంటు, దాని పక్కన పేర్చిన ఉప్పు బస్తాలు.

"ఇవెందుకు శ్రీనూ?"

"అదే కదండీ దీనికి తిండి. వారానికోసారి వేయాలి." గర్వంగానే చెప్పాడు.

"ఈ యంత్రం సున్నాన్ని పట్టుకుని, దాని బదులు ఉప్పులో ఉండే సోడియాన్ని నీళ్లలోకి వదులుతుంది. నాలిక్కి తెలియదు, ఒంటికి మెత్తగా ఉంటుంది. మట్టిలో చేరితే మాత్రం మట్టి బిగుసుకుపోతుంది, వేరుకు ఊపిరాడదు. మీ గీజర్‌ను చంపిన గట్టి నీళ్లే బొబ్బర్లకు హాయి."

శ్రీను బస్తా మీద కూలబడ్డాడు. పాపం, నీళ్లు మెత్తబడ్డాయనగానే సుగుణమ్మగారు "మనుషులకే మంచివైతే మొక్కలకు ఇంకెంత మంచివో" అని మురిసిపోయి, వంటింట్లో పక్కన పెట్టిన గంజినీళ్లు, కడుగు నీళ్లు కూడా మానేసి, రెండేళ్లుగా ఈ నీళ్లే పోస్తున్నారట. ఉన్నదాంట్లో మంచివి మొక్కలకే ఇవ్వాలనుకునే మనిషి మాత్రమే చేయగల తప్పు అది. ప్లాంటుకు ముందే, బోరు గొట్టానికి ఒక కుళాయి ఉంది. ఇకనుంచి మిద్దెకు నీళ్లు అక్కడినుంచే అని తీర్మానించాం.

సాయంత్రం ధైర్యం చేసి ఒక మాట అడిగాను. నాలుగు కాయలు నిలిస్తే కొన్ని గింజలు నాకివ్వండి, మా కాలేజీలో వేసి ఉంచుతాను, ఇక్కడేమైనా అయినా అక్కడుంటాయి అని. సుగుణమ్మగారు తల అడ్డంగా ఊపారు.

"ఏమనుకోకు చెల్లె. గుడాలు జేసి ఊరంత పంచు, గింజ మాత్రం గడప దాటద్దు అన్నది మా అత్త. ఆడపిల్లలకు కూడ ఇయ్యలేదు. గింజ వోతే ఇంటి సత్తువ దాని ఎన్క వోతదంట."

మా ఇంట్లో దీపాలు పెట్టాక ఉప్పు చేబదులివ్వరు. కాబట్టి నవ్వే హక్కు నాకు లేదు.

హయత్‌నగర్: సీలింగ్ లేని జిప్సం

మట్టిలోంచి సోడియాన్ని వెళ్లగొట్టాలంటే జిప్సం కలిపి, మంచినీళ్లతో కడిగేయాలి. ఎల్బీనగర్ చౌరస్తా దగ్గర హార్డ్‌వేర్ షాపులో జిప్సం కావాలన్నాను. "ఎన్ని గదులు మేడం? డిజైన్లు చూస్తరా?" అని ఆల్బమ్ తెరిచాడు. ఇంకో షాపులో ఏకంగా మేస్త్రీ నంబరే ఇచ్చారు. ఆ ఊరికి జిప్సం అంటే ఇంటి కప్పు కింద వేసుకునే కప్పే.

చివరికి పద్మా నేనూ సిటీ బస్సులో హయత్‌నగర్ వెళ్లాం. పాత బజారులో ఎరువుల దుకాణం ఒకటి ఉందని ఎవరో చెప్పారు. దుకాణంలో సగం ఇప్పుడు పూలకుండీలు, కొబ్బరిపొట్టు ఇటుకలు. యజమాని కళ్లజోడు పైకి నెట్టి, "పొలానికా, ప్లాటుకా?" అన్నాడు.

"మిద్దెకు."

"మిద్దెకు జిప్సమా! ఏం ఏసిన్రమ్మా?"

"బొబ్బర్లు. ఉప్పు పట్టింది."

అతను లేచి లోపలికెళ్లి, బస్తా విప్పి చిన్న సంచిలోకి తానే తోడి తెచ్చాడు. "నూరు ఇయ్యి చాలు. పదేండ్ల కింద లారీలల్ల అమ్మిన. ఇప్పుడు గీ రోడ్డెంబడి నేల మొలకెత్తుడు బందయింది, లేస్తున్నయంటే బిల్డింగులే." డ్రముల అడుగున రంధ్రాలు మూసుకుపోయాయేమో చూడమని కూడా గుర్తుచేశాడు. ఎదురుగా ముంజలు అమ్ముతున్నారు. డజను నూట ఇరవై. మా ఊళ్లో చెట్టు కింద నిలబడితే ఊరికే ఇస్తారని గొణిగాను. "అయితే మీ ఊరికే పోయి తినుండ్రి," అంది అమ్మే ఆవిడ, నవ్వుతూనే. రెండు డజన్లు కొన్నాం.

ఆ సాయంత్రం మిద్దె మీద జాతర. శ్రీను లుంగీ ఎగ్గట్టి డ్రముల అడుగు రంధ్రాలు పొడిచాడు. నేను పైపొర గుల్ల చేసి జిప్సం కలిపాను. జలమండలి రోజు విడిచి రోజు వదిలే కృష్ణా నీళ్లు ఆ పూట వచ్చాయి. మేం కాలువ చివర ఉండేవాళ్లం, ఇక్కడ మాకంటే ముందే బకెట్లోకి దిగిన కృష్ణను చూసి కాస్త కుళ్లుకున్నాను. పోసిన నీళ్లు మొదట కదల్లేదు. చాలాసేపటికి డ్రము కిందనుంచి గోధుమరంగు ధార మొదలైంది. సుగుణమ్మగారు అక్కడే పీట వేసుకుని కూర్చుని, ధార ఆగేదాకా చూశారు. మధ్యాహ్నం ఎండ తగలకుండా పద్మ పాత చీర ఒకటి పైన కట్టింది.

పెద్ద అంబర్‌పేట్ దాటుతూ

నాలుగో రోజు తిరుగు ప్రయాణం. సుగుణమ్మగారు కిందికి దిగివచ్చి బొట్టు పెట్టి, జాకెట్ ముక్క, అరటిపళ్లు, డబ్బా నిండా శనగ గుడాలు చేతిలో పెట్టారు.

"బతుకుతయా చెల్లె?"

రెండు డ్రములు బతకొచ్చు, రెండు కష్టం. ఆ మాట అనలేక "చిగురు చూడండి, చిగురు నిలిస్తే చాలు" అన్నాను. బస్సు హయత్‌నగర్, పెద్ద అంబర్‌పేట్ దాటి రింగు రోడ్డు కిందనుంచి పోతుంటే గుడాలు తింటూ దారి పొడవునా భవనాల మిద్దెలే చూశాను. ప్రతి మిద్దె మీదా నీలం డ్రములున్నాయి. ఇంతకుముందు ఎన్నిసార్లు ఈ దారిన వచ్చానో, ఒక్కటీ కంటబడలేదు.

ఇంటికొచ్చాక

ఆ తర్వాత పద్మ ఫోటోలు పంపుతూ వచ్చింది. ఒక డ్రము పోయింది. ఇంకోటి పోయింది. మూడోదానిలో కొత్త చిగురు వచ్చింది. నాలుగోదానిలో పూత నిలిచింది. కాయలు సన్నగా, సగం తాలుగా వచ్చాయి. కాయ మీదే ఎండనిచ్చి కోశారట. మొత్తం ఒక దోసెడు గింజలు.

నిన్న శ్రీను గుంటూరు పెళ్లికి వచ్చి, మా ఇంటికి కూడా వచ్చి, నా చేతిలో గుడ్డమూట పెట్టాడు. విప్పితే ఎర్రటి చిన్న బొబ్బర్లు. గుప్పెడు కాదు, రెండు గుప్పిళ్లకు తక్కువ లేవు. దోసెడులో ఇన్ని పోతే ఆవిడకు మిగిలిందేమిటి? వెంటనే ఫోన్ చేశాను.

"ఇదేమిటి సుగుణమ్మగారూ, ఇన్ని పంపారు? మీ అత్తగారు గడప దాటద్దన్నారుగా?"

"అన్నది. గామె అన్ననాడు గడప ముంగట మా చెల్క ఉండె చెల్లె. గింజ ఏడ రాలినా మా భూమిలనే రాలుతుండె. ఇప్పుడు గడప దాటితే లిఫ్టు. నాకు ఒక డ్రముకు సరిపోను ఉంచుకున్న. ఒక్క ఇంట్లనే పెట్టుకుంటే ఒక్క తప్పుకే పోతుండె గద అన్ని. నువ్వు ఏస్కో, ఇంకొకలకియ్యి."

కళ్లు తుడుచుకుని మూట మళ్లీ కట్టబోయి ఆగాను. ఒక గుప్పెడు తీసి కొంగులో పోసుకుని, చెప్పులు వేసుకుని ఎదురింటి తలుపు కొట్టాను.